అరచేతిలో అరికాలు

పుండు చూసి సత్యవేణికి ఎన్నడూ కడుపులో తిప్పలేదు. నడక ట్రస్టులో పందొమ్మిదేళ్లుగా ఆమె పని షుగరు రోగుల పాదాలు కడగడం, చచ్చిన చర్మం కోసి తీయడం, కట్టు కట్టడం. ఎలుక బొటనవేలు కొరికినా తెల్లారేదాకా తెలియని మనిషిని చూసింది. మేజోడు లాగితే వేలు మేజోడుతో పాటు రావడం చూసింది. పుండులోంచి పురుగులు ఏరిన రోజు కూడా ఒంటిగంటకు చేతులు కడుక్కుని క్యారేజీ విప్పేది. "నీది ముక్కా, గోడకి కొట్టిన మేకా?" అని వాళ్లాయన అడిగేవాడు.

ఆమెకు వాంతి అయిన రోజు అక్కడ పుండు లేదు. షామియానా ఉంది. అరవై కుర్చీలున్నాయి. గ్లాసుల్లో మజ్జిగ ఉంది.

ఆ రోజు సంగతి చెప్పాలంటే దేముడు మడమ దగ్గర మొదలుపెట్టాలి.

దేముడు అనకాపల్లికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో జంపవానిపాలెంలో బెల్లం వండేవాడు. వయసు యాభై ఆరు. షుగరు వచ్చి పద్నాలుగేళ్లు. చెరకు రసం కాగే పెనం పక్కన నిలబడి, పాకం చుక్క నీళ్లలో వేసి చూసి, దించమనో ఆగమనో చెప్పడం ఆయన పని. రెండేళ్ల కిందట మాఘమాసంలో పొయ్యి నోట్లోంచి జారిన నిప్పు మీద ఎడమ మడమ పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి వాసన వచ్చింది.

"మేక తలకాయ ఎవుడు కాలస్తన్నాడ్రా ఇక్కడ?" అని అరిచాడు.

పక్కవాడు కిందికి చూసి ఆయన్ని తోసేశాడు.

ఆ మడమ మానడానికి ఏడు నెలలు పట్టింది. సత్యవేణి ప్రతి మంగళవారం బస్సెక్కి వెళ్లేది. కట్టు మార్చాక స్పర్శ పరీక్ష చేసేది. రోగిని కళ్లు మూసుకోమని, నైలాను పోగు ఒకటి పాదం మీద పదిచోట్ల ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంటారు. రోగులు ఇందులో అబద్ధం ఆడతారు. రెప్పల సందులోంచి ఎదురుగా ఉన్న భార్యను చూస్తారు. ఆమె గడ్డం ఊపితే "తగిలింది" అంటారు. అందుకని సత్యవేణి భార్యల్ని రోగి వెనక నిలబెట్టేది. దేముడు భార్య పరదేశమ్మ వెనక నిలబడి దగ్గేది.

"దగ్గొద్దు పరదేశమ్మా."

"దగ్గొచ్చిందమ్మా. నానేటి సెయ్యను?"

"పోగు ఆనించినప్పుడే వస్తోంది నీ దగ్గు."

దేముడు కళ్లు మూసుకునే నవ్వేవాడు. "నా కాలి సంగతి నాకంటే దానికే బాగా ఎరికమ్మా. దాన్నే అడుగు."

దగ్గులు తీసేసి లెక్క కడితే పదికి ఒక్కటి కూడా ఆయనకు తెలియలేదు.

పరీక్ష అయ్యాక మందుల చీటీ, తిండి పట్టిక భార్య చేతికి ఇచ్చేవాళ్లు. ఇది ట్రస్టు నిబంధనల్లో ఎక్కడా లేదు. మగవాళ్లకు ఇస్తే చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోతుంది. ఆడవాళ్లకు ఇస్తే బియ్యం డబ్బాలో ఉంటుంది. కొత్తగా చేరిన వాళ్లకు సత్యవేణి నేర్పే మొదటి సంగతి అది. "చీటీ ఇంటావిడకి ఇవ్వండి. పని అవుతుంది."

*

ట్రస్టు మేడ మీద గదిలో జోయెల్ అనే ఇంజనీరు మూడేళ్లు పనిచేసి ఒక పొర తయారు చేశాడు. ఉల్లిపొర మందం. దాన్ని అరికాలికి అంటిస్తే నెలరోజులు ఊడదు. కాలికి తగిలే ఒత్తిడి, వేడి, కోత అది పసిగట్టి, జేబులో ఉన్న ఫోను ద్వారా ముంజేతికి కట్టిన పట్టీకి పంపుతుంది. పట్టీ అక్కడి నరాన్ని తడుతుంది. అరికాల్లో ఏది ఎక్కడ జరిగితే అరచేతిలో అక్కడ నొప్పి పుడుతుంది. మడమకు మణికట్టు దగ్గర, కాలివేళ్లకు చేతివేళ్ల దగ్గర. చేతికి గాయం కాదు. నొప్పి ఒక్కటే వస్తుంది.

జోయెల్ ముందు మోత పెట్టి చూశాడు. రోగులు మోత ఆపేశారు. వణుకు పెట్టాడు. వారంలో దానికి అలవాటు పడ్డారు. నొప్పికి మనిషి అలవాటు పడడని ఆయన అంచనా వేశాడు.

వందమందికి కట్టారు. మూడు వారాల్లో అరవై తొమ్మిది మంది విప్పేశారు. దేముడు నాలుగో రోజునే విప్పాడు. సత్యవేణి వెళ్లేసరికి పట్టీ గానుగ పాకలో వాసానికి వేలాడుతోంది.

"ఎందుకు తీశారు దేముడుగారూ?"

"నొప్పెడతంది."

"నొప్పి పట్టీది కాదు. మీ కాలిది."

"నా కాలికి నొప్పేటీ లేదమ్మా. నాలుగేళ్లయింది నొప్పన్నది ఎరగను. ఇది కట్టినాకే వొచ్చింది."

"మళ్లీ నిప్పు మీద నిలబడితే?"

"నిలబడను."

"పోయినసారి నిలబడాలనే నిలబడ్డారా?"

ఆయన పాకం చుక్కను నీళ్లలో వేసి చూశాడు. సత్యవేణికి కోపం వచ్చింది. వాసానికి ఉన్న పట్టీని తీసుకుని ఇంట్లోకి నడిచింది. పరదేశమ్మ చింతపండు పిసుకుతోంది. చెయ్యి కడుక్కోమని చెప్పి, ఆమె ఎడమ ముంజేతికి పట్టీ కట్టింది.

"వారం ఉంచుకో పరదేశమ్మా. ఆయన ఎక్కడ ఏం తొక్కాడో నీకు తెలుస్తుంది. నువ్వు కేకేసి చెప్పు."

"అలాగేనమ్మా" అంది పరదేశమ్మ. చీటీ ఇచ్చినప్పుడు కూడా ఆమె అదే మాట అనేది.

అయిదో రోజు ఆమె వంటింట్లోంచి అరుస్తూ పరుగెత్తింది. గానుగ పాకలో దేముడు మేకు ఉన్న చెక్క మీద నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. "కాలు తియ్యి! కాలు తియ్యి!" అంటూ ఆమె ఆయన మోకాలు పట్టుకుని లేపింది. మేకు పావంగుళం దిగింది. సత్యవేణి సాయంత్రానికల్లా వచ్చి కడిగింది. తొమ్మిది రోజుల్లో మానింది.

ఆ నెల నివేదికలో సత్యవేణి ఒక వాక్యం రాసింది. "పట్టీ రోగికి కడితే విప్పేస్తున్నారు, ఇంటావిడకు కడితే విప్పడం లేదు." రాసినప్పుడు ఆమెకు గర్వంగా ఉంది. ఆ వాక్యం కింద ట్రస్టు డైరెక్టరు డాక్టర్ రఘోత్తమరావు ఎర్ర సిరాతో గీత గీశారు.

*

రెండో విడత నాలుగు వందల ఇళ్లలో జరిగింది. పట్టీ కట్టుకున్న వాళ్లలో మూడు వందల పదిమంది భార్యలు, అరవై రెండు మంది కోడళ్లు, పద్నాలుగు మంది కూతుళ్లు, ఎనిమిది మంది పనివాళ్లు. భర్తలు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురు మొదటి వారంలోనే విప్పారు. మిగతా అందరిలో విప్పిన వాళ్లు ఇరవై మంది.

అయిదు నెలల తరువాత సత్యవేణి జంపవానిపాలెం వెళ్లింది. పరదేశమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. గుమ్మం దాటుతుండగా గ్లాసు ఎడమచేతిలోంచి జారింది. ఆమె గ్లాసు వైపు చూడలేదు. వీధి వైపు చూసింది.

"కంకర కాడికొచ్చినాడు" అంది. "పంచాయితీ వోళ్లు రోడ్డేస్తన్నారు."

రెండు నిమిషాలకు దేముడు వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. ట్రస్టు ఇచ్చిన నల్ల రబ్బరు చెప్పులు గోడ మేకుకు వేలాడుతున్నాయి. వాటి మీద సాలెగూడు ఉంది.

"చెప్పులేవి దేముడుగారూ?"

"ఇప్పుడేటికమ్మా? ఏటైనా గుచ్చుకుంటే ఇది సెప్తాది గదా." ఆయన భార్య వైపు గడ్డం చూపించాడు. "సంటి గుంటడిలాగ సూసుకుంటంది నా కాల్ని. మొన్న సంతలో మా బావమరిది అడిగినాడు, ఒరే, మీ ఆవిడ అద్దెకిత్తావేట్రా అని."

ఆయన నవ్వాడు. పరదేశమ్మ కూడా నవ్వింది. ఆమె కుడి చెయ్యి ఎడమ అరచేతిని ఒత్తుతూనే ఉంది.

"ఆమెకు నొప్పి పుడుతోంది" అంది సత్యవేణి.

"ఊరుకోమ్మా. కాలు నాది. నాకే లేదు నొప్పి. దానికెక్కణ్నుంచొత్తాది?"

ఆయన వేళాకోళం ఆడడం లేదు. అడుగుతున్నాడు. ఆయన భార్యను ఎన్నడూ కొట్టిన మనిషి కాదు. సంత నుంచి ఆమెకు జిలేబీ పొట్లం తేకుండా రాడు, తాను ముట్టుకోడు. సత్యవేణి ఆయన మొహంలో వెతికింది. అక్కడ తిట్టడానికి ఏమీ దొరకలేదు. అది ఆమెకు రోత పుట్టించింది.

ఆయన పెరట్లోకి వెళ్లాక సత్యవేణి పట్టీ మీద చెయ్యి వేసింది. "తీసేస్తాను."

పరదేశమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "వొద్దమ్మా. ఆ కాలు పోతే మంచం మీద కూకుంటాడు. అప్పుడు ఎత్తాలన్నా దించాలన్నా నానే. అంతకంటే ఇదే నయం." కొంగు పట్టీ మీదికి లాక్కుని అంది. "నువ్వే గదమ్మా కట్టినావు."

ఆ వారమంతా సత్యవేణి ఇళ్లు తిరిగింది. అనకాపల్లిలో రిటైరైన ఒక ఆఫీసరు ఇంట్లో పట్టీ వంటమనిషి చేతికి ఉంది. ఆమెకు అరవై ఏళ్లుంటాయి. ఆఫీసరు భార్య మర్యాదగా చెప్పింది. "నాకు మైగ్రేన్ అండీ. తట్టుకోలేను. మా అప్పయ్యమ్మకైతే ఓపిక." ఆఫీసరుగారు మేడ మీద ట్రెడ్‌మిల్లు మీద నడుస్తున్నారు. కింద అప్పయ్యమ్మ ఒంటిచేత్తో పూరీలు వత్తుతోంది. సత్యవేణి ఆ పట్టీ విప్పి సంచిలో వేసుకుంది. బస్టాండు చేరేలోపు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఒక పట్టీ ఆగిపోయినట్టు చూపిస్తోందని, వెంటనే వెళ్లి కట్టమని. ఆమె వెళ్లలేదు. మర్నాడు ఇంకొకరిని పంపి కట్టించారు.

*

"కూర్చోండి సత్యవేణి గారూ. కాఫీ తాగుతారా? మా దగ్గర చక్కెర మాత్రం ఉండదు" అన్నారు రఘోత్తమరావు. వచ్చిన ప్రతివాళ్లతో ఆయన ఆ మాట అంటారు. జోయెల్ మూలన ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సత్యవేణి చూసినదంతా చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"నిరుడు ఈ నాలుగు వందల ఇళ్లలో ఎన్ని కాళ్లు తీశారు?"

"పదకొండు సార్."

"ఈ ఏడాది?"

"లేవు."

"పదకొండు మంది నడుస్తున్నారు. మీకు వచ్చిన బాధేమిటి?"

"బాధ నాకు కాదు సార్. ఆడవాళ్లకి."

"ఫిర్యాదు ఒక్కటైనా వచ్చిందా?"

"ఎవరి మీద ఇస్తారు సార్? మొగుడి మీదా?"

ఆయన చిరునవ్వు నవ్వారు. "మన దేశంలో కుటుంబం అనేది ఉంది కాబట్టే ఇది పనిచేస్తోంది. వేరే చోట చెయ్యదు. నేను దాతలకు అదే చెప్తాను."

"కనీసం నొప్పి తగ్గించండి."

జోయెల్ తల ఎత్తలేదు. "తీవ్రత మొదట మూడులో పెట్టాం మేడమ్. రెండు నెలల తరువాత పుళ్లు మళ్లీ కనిపించాయి. ఎందుకా అని చూస్తే ఆడవాళ్లు కేకెయ్యడం మానేశారు. నొప్పి వస్తోంది, ఓర్చుకుంటున్నారు. ఓర్చుకుంటే కబురు ఆగిపోతుంది కదా. అందుకని ఐదుకి పెంచాం."

"వాళ్లకి చెప్పారా?"

"చెప్తే ఆందోళన పడతారని..."

సత్యవేణి కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మీరు ఐదులో కట్టుకున్నారా?"

"రెండులో కట్టుకున్నాను. అర నిమిషం."

ఆమె డైరెక్టరు వైపు తిరిగింది. ఆయన చేతులు చాపారు. "నాకు షుగర్ లేదు కదండీ."

"వాళ్లకీ లేదు సార్."

రఘోత్తమరావు గడియారం చూసుకున్నారు. తరువాత ఆమె వైపు ఒక కాగితం జరిపారు. జంపవానిపాలెం పక్కన నూకాలమ్మ కొండ చుట్టూ ప్రదక్షిణ. మూడు చుట్లు, చుట్టు నాలుగు కిలోమీటర్లు. కాలు నిలిస్తే చెప్పుల్లేకుండా తిరుగుతానని దేముడు మొక్కుకున్నాడు. ఆ సంగతి ట్రస్టు చెవిన పడింది. ఇప్పుడు దేముడితో పాటు మరో యాభై తొమ్మిది మంది రోగులు నడుస్తారు. అతిథులు వస్తారు. కార్యక్రమం చివర నలభై వేల ఇళ్లకు పట్టీలు ఇచ్చే పథకం ప్రకటిస్తారు.

"చెప్పుల్లేకుండానా? పందొమ్మిదేళ్లుగా చెప్పులేసుకోమని చెప్తున్నాం సార్."

"మొక్కు కదండీ. మనం నమ్మకాల్ని కించపరచకూడదు. మీరు ఆడవాళ్ల దగ్గర ఉండండి. వాళ్లు నడవక్కర్లేదు. షామియానా వేయిస్తున్నాం."

*

ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య వెళ్లిన మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి నడక మొదలైంది. అరవై మంది మగవాళ్లు, అరవై పసుపు కండువాలు. షామియానా ముందు యాభై గజాల మేర గోనెపట్టాలు పరిచి నీళ్లు చల్లారు. అతిథులు నిలబడేది, ఫొటోలు తీసేది అక్కడే. అక్కడి నుంచి అవతల తారు రోడ్డు. కొండ వెనక కిలోమీటరు మేర కంకర.

షామియానాలో అరవై మంది ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. పట్టీ ఉన్న చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకున్నారు. పరదేశమ్మ మొదటి వరసలో ఉంది. కుడిచేతి సంచి ఒళ్లోంచి దించలేదు. సత్యవేణి ఆమె పక్కన కూర్చుంది.

"సంచిలో ఏముంది?"

"సెప్పులమ్మా. కాయితంలో సుట్టినాను. ఏమో, ఏసుకుంటాడేమోనని."

ఎనిమిదీ నలభైకి ఒకావిడ వేళ్లు ముడుచుకున్నాయి. తరువాత పక్కావిడవి. తరువాత వరస వరసంతా. అరవై అరచేతులు ముడుచుకుని విప్పుకోవడం మొదలుపెట్టాయి. అడుగుకొకసారి. మగవాళ్లు కంకర మీదికి వచ్చారని సత్యవేణికి అర్థమైంది. ఎవరూ అరవలేదు. స్పీకర్లో అమ్మవారి పాటలు వస్తున్నాయి. పాట ఆగినప్పుడు ముక్కులతో గాలి పీల్చిన చప్పుడు వినిపించింది. మజ్జిగ పంచేవాళ్లు వరసల మధ్య తిరుగుతున్నారు.

మొదటి చుట్టు ముగించుకుని మగవాళ్లు గోనెపట్టాల మీదుగా చేతులూపుతూ వెళ్లారు. దేముడు అందరికంటే ముందున్నాడు. అరికాలు ఎత్తి కెమెరాకు చూపించాడు.

రెండో చుట్టులో సత్యవేణి అంది. "పరదేశమ్మా, కాసేపు నాకు కట్టు. నేను చూస్తూ ఉంటాను. ఏదైనా అయితే ఫోన్ చేస్తాను."

పరదేశమ్మ ఆలోచించింది. "రాళ్లు దాటినాక ఇచ్చీ" అని విప్పి ఇచ్చింది. పట్టీ కింద చర్మం పాలిపోయి ఉంది.

మొదట ఏమీ లేదు. అరచేతిలో ఎవరో వేలితో తట్టినట్టు. తరువాత కంకర వచ్చింది. సత్యవేణి పళ్లు గట్టిగా కరుచుకుంది. చెయ్యి చూసుకుంది. చేతికి ఏమీ కాలేదు. రక్తం లేదు. గోళ్ల కింద గునపం పెట్టి లేపినట్టుంది, గోళ్లు గోళ్లలాగే ఉన్నాయి. ఆమె పిడికిలి బిగించింది.

"ముయ్యకమ్మా" అంది పరదేశమ్మ. "మూస్తే ఎక్కువౌతాది. యేళ్లు యెడంగా పెట్టు. ఆడు ఎడం కాలు యేసినప్పుడు ఊపిరి బిగబట్టు, కుడికాలుకి వొదిలీ." ఆమె ఖాళీ అయిన చేత్తో గ్లాసు పట్టుకుని మజ్జిగ తాగింది. "ఇంకో పది నిమిషాలుంటాది. తరవాత తారు. తారు మంటే గానీ పోటుండదు."

వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యి ముందుకు వచ్చింది. అందులో లవంగం ఉంది. "దవడకింద పెట్టుకోమ్మా. పళ్లు కొరకబుద్దవదు."

అదే సమయంలో పాట ఆగింది. మైకులో రఘోత్తమరావు గొంతు వచ్చింది. "చూడండి ఈ తల్లుల ఓర్పు. ప్రపంచంలో ఏ యంత్రానికీ లేని ఓర్పు. ఈ ఆలోచన ఎవరిదో తెలుసా? మా సత్యవేణి గారిది. పందొమ్మిదేళ్ల సర్వీసు. లేచి నిలబడండి సత్యవేణి గారూ."

ఆమె లేచింది. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లలో కొందరు కుడిచేత్తో తొడ మీద తట్టారు, రెండో చెయ్యి ఖాళీ లేదు గనక. సత్యవేణి షామియానా వెనక్కి నడిచి, తాడు కట్టిన గుంజ పట్టుకుని వాంతి చేసుకుంది. నొప్పికి కాదు. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో చెప్పిన ఆ మాటకు, ఆ లవంగానికి, ఆ చప్పట్లకు. చేతికి పట్టీ కట్టిన రోజున చింతపండు వాసన వచ్చిన వంటిల్లు గుర్తొచ్చి ఇంకోసారి అయింది. నోరు కడుక్కుంటుండగా అరచేతిలో మంట మొదలైంది. మగవాళ్లు తారు మీదికి వచ్చారు.

రెండో చుట్టు ముగించి దేముడు గోనెపట్టాల మీదికి వచ్చేసరికి పదిన్నర. సత్యవేణి పట్టాల అవతలి చివర ఎదురు నిలిచింది.

"చెయ్యి ఇలా పెట్టండి దేముడుగారూ."

"ఏటమ్మా, బీపీ సూత్తావా?"

ఆయన ఎడమచెయ్యి చాపాడు. ఆమె పట్టీ కట్టి బిగించింది. ఆయన దాన్ని చూసి గుర్తుపట్టి తేలిగ్గా నవ్వాడు. కెమెరాలు దగ్గరికి వచ్చాయి. రఘోత్తమరావు వేదిక మీద మైకు పక్కకు తీసి "ఏమిటది?" అని అడిగారు.

"మూడో చుట్టు ఆయన మొక్కు ఆయనే తీర్చుకుంటారట సార్" అంది సత్యవేణి.

దేముడు తడి పట్టాల మీద నాలుగడుగులు వేశాడు. "ఏటుందమ్మా ఇందులో? సల్లగా ఉంది" అన్నాడు జనంతో. జనం నవ్వారు. అయిదో అడుగు తారు మీద పడింది.

ఆయన అరుపు స్పీకర్ల మోతను దాటి వినిపించింది. చెయ్యి కాలిందనుకుని గాలిలో విదిలించాడు, నోట్లో పెట్టుకున్నాడు. నిలబడే ఉన్నాడు. కాలు తీయాలని ఆయనకు తోచలేదు. చేతిని ఎంత విదిలించినా కాలు తారు మీదే ఉంది. చివరికి సత్యవేణి ఆయన మోకాలు పట్టుకుని లేపింది. ఆయన వెనక్కి పట్టాల మీద పడ్డాడు.

"తీసీయమ్మా! తీసీ!"

"అది మీ కాలు దేముడుగారూ."

ఆయన పళ్లతో పట్టీ లాగి విప్పుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అలా కూర్చుని పట్టీ పట్టుకున్న చెయ్యి షామియానా వైపు చాపాడు. అటు చూడకుండానే చాపాడు. అన్నం కంచం చాపినట్టు చాపాడు.

పరదేశమ్మ వచ్చి ఆయన ఎదురుగా నిలబడి ఉంది. అందరూ ఆమె చేతుల వైపు చూశారు. ఆమె ఆయన మొహం చూస్తోంది. ఇన్ని నెలల్లో తన మొహం ఎలా ఉండేదో ఆమె ఎన్నడూ అద్దంలో చూసుకోలేదు. ఇప్పుడు చూస్తున్నట్టు చూసింది. తరువాత రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"ఓలే, పట్టుకోవే" అన్నాడు దేముడు.

ఆమె కదల్లేదు.

"మరి నా కాలో?"

ఆమె కొంగులోంచి చెయ్యి తీయకుండా మోచేత్తో సంచిని ముందుకు తోసింది. సంచి పట్టాల మీద పడి, కాగితం చుట్ట బయటికి దొర్లింది.

"సెప్పులున్నాయి" అంది. "ఏసుకో."

వేదిక మీద పాట పెద్దగా పెట్టారు. ఎవరో వచ్చి దేముడిని కెమెరాల ముందునుంచి పక్కకు తీసుకెళ్లారు. ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని, ఎడమది బిగుతుగా ఉందో లేదో తెలియక వంగి వేలు పెట్టి చూసుకున్నాడు. మిగతా యాభై తొమ్మిది మందిని మూడో చుట్టుకు పంపించారు. రఘోత్తమరావు పథకం ప్రకటించడానికి కాగితం విప్పారు.

సత్యవేణి షామియానాలోకి వచ్చింది. లవంగం ఇచ్చిన ఆవిడ వెనక వరసలో మొదటి కుర్చీలో ఉంది. సత్యవేణి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, పట్టీ ఉన్న చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ముడుచుకుని విప్పుకుంటోంది.

"విప్పనా అమ్మా?"

ఆవిడ చెయ్యి లాక్కుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వొద్దమ్మా, ఉండనీ. మాయన మంచోడే. కోపం, అంతే."